యాసిడ్ ట్రే దగ్గర నిలబడే మనిషి: బ్లాకు మేకింగ్ షాపుల్లో భద్రత, నష్టపరిహారం

పెళ్లి శుభలేఖ మీద బంగారు రంగులో మెరిసే పేర్లను వేలితో తడిమి చూడండి. కాగితం కొద్దిగా లోపలికి నొక్కుకుని ఉంటుంది. ఆ నొక్కుడు కంప్యూటర్ ప్రింటర్ చేసింది కాదు. జింకు, రాగి, ఇత్తడి లేదా మెగ్నీషియం రేకు మీద అక్షరాలను ఉబ్బెత్తుగా మిగిల్చి, చుట్టూ ఉన్న లోహాన్ని యాసిడ్‌తో తినిపించి ఒక అచ్చు తయారు చేస్తారు. దాన్ని వేడి చేసి, రంగు రేకు మీద నొక్కితే అక్షరాలు కాగితానికి అంటుకుంటాయి. ఇంగ్లిషు పుస్తకాల్లో ఈ పనిని ఫొటో ఎన్‌గ్రేవింగ్ అంటారు. ప్రెస్సుల దగ్గర అయితే బ్లాకు మేకింగ్.

అంతా డిజిటల్ అయిపోయాక ఈ పని ఎక్కడుందని అడుగుతారు. శుభలేఖల ప్రెస్సులకు పేరుపడ్డ హైదరాబాద్ ఛత్తా బజార్ లాంటి చోట్ల చూడండి. స్వీటు డబ్బాల మీద, నోటు పుస్తకాల అట్టల మీద, మిషన్లకు బిగించే నేమ్ ప్లేట్ల మీద ఈ పని ఇంకా కనిపిస్తుంది. ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డులు చేసేదీ ఇదే పద్ధతిలో. వెలుతురు తగిలితే గట్టిపడే పూత వేయాలి, దాని మీద ఫిల్మ్ పెట్టి లైటు కొట్టాలి, గట్టిపడని చోట కడిగెయ్యాలి, బయటపడ్డ లోహాన్ని కెమికల్‌కు అప్పగించాలి.

మన పత్రికల చరిత్రకు కూడా ఈ పనితో సంబంధం ఉంది. అంబేడ్కర్ ‘మూక్‌నాయక్’ 1920లో మొదలైంది, ‘జనతా’ 1930లో. భాగ్యరెడ్డి వర్మ ‘భాగ్యనగర్ పత్రిక’ 1931లో వచ్చింది. ఆఫ్‌సెట్ రాకముందు ఏ పత్రికలోనైనా ఒక ఫొటో అచ్చవ్వాలంటే, దాన్ని చుక్కలు చుక్కలుగా విడగొట్టి లోహపు రేకు మీద హాఫ్‌టోన్ బ్లాకుగా చెక్కాల్సిందే. పత్రికల చరిత్ర రాసేవాళ్లు సంపాదకులను, చందాదారులను లెక్కపెట్టారు. బ్లాకు చేసిన చేతులను లెక్కలోకి తీసుకున్నవాళ్లు తక్కువ.

ప్రెస్సులో పనులకు కూడా మెట్లు ఉంటాయి. ఏసీ గదిలో డిజైన్ చేసే మనిషిని పేరు పెట్టి పిలుస్తారు. వెనక గదిలో ట్రే ఊపుతూ యాసిడ్ దగ్గర నిలబడేవాడు ‘హెల్పర్’. ట్రే కడిగేది, వాడేసిన యాసిడ్ పారబోసేది, గది ఊడ్చేది కూడా అతనే. అతను ఏ వాడ నుంచి వచ్చాడో షాపులో అందరికీ తెలుసు, కాగితం మీద మాత్రం ఎక్కడా ఉండదు. ప్రమాద రిపోర్టు ఫారాల్లో వయసు, ఆడా మగా, చేసే పని, తగిలిన గాయం రాయడానికి గడులు ఉంటాయి. కులానికి గడి లేదు. అందుకే ఎవరి చేతులు ఎక్కువగా కాలుతున్నాయన్న ప్రశ్నకు ప్రభుత్వ లెక్కల్లో జవాబు పుట్టదు. ఈ వ్యాసం అంతా ఒక రకంగా రాయకుండా వదిలేసిన విషయాల గురించే.

ఏది ఎలా దెబ్బతీస్తుంది

జింకును తినడానికి నైట్రిక్ యాసిడ్ వాడతారు. లోహం, యాసిడ్ కలిసినప్పుడు ఇటుక రంగు పొగ లేస్తుంది. అందులో ఉండేది నైట్రోజన్ డయాక్సైడ్. ఈ పనిలో అన్నిటికన్నా మోసకారి ఇదే. పీల్చినప్పుడు కాస్త దగ్గు, గొంతు మంట, కళ్లలో నీళ్లు. గాలి తగిలే చోట కూర్చుంటే తగ్గినట్టే ఉంటుంది. మనిషి డ్యూటీ ముగించుకుని ఇంటికి వెళతాడు, అన్నం తింటాడు. కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి ఒక రోజు దాటాక, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఊపిరి ఆడదు. ఆ రాత్రి నుంచి బయటపడ్డవాళ్లలో కూడా కొందరికి రెండు మూడు వారాల తర్వాత సన్నని శ్వాసనాళాలు మూసుకుపోయే జబ్బు రావచ్చు. ఇంట్లో పోయిన ప్రాణం కాబట్టి ఊళ్లో దాన్ని ‘గుండెపోటు’ అనేస్తారు. నష్టపరిహారం కేసు అక్కడే ఆగిపోతుంది.

‘మూతికి కర్చీఫ్ కట్టుకో తమ్ముడూ’ అని మేస్త్రీ చెప్పే జాగ్రత్త ఈ పొగను ఆపదు. గుడ్డ మాస్కు, ఆసుపత్రి మాస్కు దుమ్మును కొంత ఆపుతాయి, వాయువును ఆపవు. కావలసింది ట్రే దగ్గరే పొగను లాగేసి బయటికి పంపే ఎగ్జాస్ట్. గోడకు ఎక్కడో పైన ఫ్యాను పెడితే ఆ పొగ మనిషి ముఖం మీదుగానే పైకి పోతుంది.

యాసిడ్ ఒలికినప్పుడు చాలా షాపుల్లో చేసే పని రంపపు పొట్టు చల్లడం. బ్లాకులను చెక్క మీద బిగిస్తారు కాబట్టి పొట్టు చేతికి అందుబాటులోనే ఉంటుంది. గాఢమైన నైట్రిక్ యాసిడ్ రంపపు పొట్టుతో, గుడ్డ పీలికలతో కలిస్తే అదే విష వాయువు ఇంకా లేస్తుంది, నిప్పు కూడా అంటుకోవచ్చు. మెగ్నీషియం రేకు కోసిన పొడికి మంట అంటుకుంటే నీళ్లు పోయకూడదు, పొడి ఇసుక వెయ్యాలి. యాసిడ్‌ను పలచన చేసేటప్పుడు నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. కంట్లో చుక్క పడితే మందు కోసం పరిగెత్తేముందు కనీసం 15 నిమిషాలు పారే నీటితో కడగాలి. అందుకు ట్రే పక్కనే కుళాయి ఉండాలి. వీధి చివర పంపు ఉంటే లాభం లేదు.

రెండో శత్రువు చప్పుడు చేయదు. వెలుతురుకు గట్టిపడే పాత రకం పూతల్లో, కొన్ని స్క్రీన్ ప్రింటింగ్ పూతల్లో నారింజ రంగు డైక్రోమేట్ కలుపుతారు. ఇది క్రోమియంలో ప్రమాదకరమైన రకం. వేళ్ల కణుపుల దగ్గర గుండ్రంగా, పెద్దగా నొప్పి లేకుండా పుండ్లు పడతాయి. పొడి పీల్చేవాళ్లకు ముక్కు మధ్య గోడకు చిల్లు పడవచ్చు. ఊపిరితిత్తుల క్యాన్సర్ తెచ్చే పదార్థంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1990లోనే ఈ రకం క్రోమియంను గుర్తించింది. చర్మానికి ఒకసారి క్రోమియం ఎలర్జీ పట్టుకుంటే సాధారణంగా అది జీవితాంతం పోదు. తర్వాత సిమెంటు పనికి వెళ్లినా చేతులు పగులుతాయి, ఎందుకంటే సిమెంటులోనూ అదే క్రోమియం కొద్దిగా ఉంటుంది. తోళ్ల శుద్ధికి వాడే క్రోమ్ ఉప్పు తయారయ్యేది కూడా ఈ డైక్రోమేట్ నుంచే. తోలు, సిమెంటు, బ్లాకు: మనవాళ్లు ఒక పని వదిలి ఇంకో పనిలో చేరినా క్రోమియం వెంట వస్తూనే ఉంది.

రౌటర్ మిషన్, ట్రెడిల్ మిషన్ వేళ్లు తీసే సంగతి ప్రెస్సు ముఖం చూసిన ఎవరికైనా తెలుసు. వాటికి గార్డు బిగించాలి, బిగించిన గార్డును పని వేగం కోసం తీయించకూడదు.

వాడేసిన యాసిడ్ ఎక్కడికి పోతుందన్నది షాపు గోడ దాటే ప్రశ్న. శుద్ధి చేయకుండా డ్రైనేజీలో పోస్తే, అక్కడ మురుగులో ఉన్న సల్ఫైడ్లతో యాసిడ్ కలిసి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది. మ్యాన్‌హోల్‌లోకి దించిన మనిషిని నిమిషాల్లో పడేసే వాయువుల్లో అదొకటి. ఆ మనిషి ఏ షాపు రిజిస్టరులోనూ ఉండడు. మురుగు కాలువల మరణాలకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో బలరామ్ సింగ్ కేసులో చెప్పింది. ఆ మరణానికి కారణమైన యాసిడ్ ఏ వీధి నుంచి వచ్చిందని మాత్రం ఎవరూ వెనక్కి వెతుక్కుంటూ పోరు.

ఇద్దరే పనిచేసే షాపుకు చట్టం వర్తిస్తుందా?

వర్తిస్తుంది. యజమానులు, కొన్నిసార్లు యూనియన్ వాళ్లు కూడా ‘పది మంది లేరు కదా’ అంటారు. పది మంది లెక్క ఈఎస్‌ఐది. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టంలో, కరెంటు వాడుతూ తయారీ ప్రక్రియ జరిగే చోట పనిచేసేవాళ్లకు మనుషుల సంఖ్యతో పని లేదు. తయారీ ప్రక్రియ అంటే ఏమిటో 1948 ఫ్యాక్టరీల చట్టం నుంచి తీసుకున్నారు. అక్కడ అచ్చు అక్షరాలు కూర్చడం, లెటర్‌ప్రెస్, లితోగ్రఫీ, ఫొటోగ్రేవ్యూర్, అలాంటి ఇతర ప్రక్రియలు, బుక్ బైండింగ్ అని పేర్లతో సహా రాసి ఉంది. ఒక్క హెల్పర్ ఉన్న షాపు కూడా ఇందులోకి వస్తుంది.

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1923 చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్‌లోని ఏడో అధ్యాయం వచ్చింది. యజమాని బాధ్యత, నష్టం లెక్కగట్టే పద్ధతి అనే అస్థిపంజరం పాతదే. ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి వెళ్లే దారిలో జరిగే ప్రమాదాన్ని కూడా, పనితో దానికున్న సంబంధాన్ని బట్టి, ఇందులో చేర్చారు. అదే సమయంలో భద్రతా కోడ్‌లో ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి కరెంటు ఉన్న చోట 10 మంది ఉండాలన్న లెక్కను 20కి పెంచారు. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ చూపు నుంచి మధ్యరకం షాపులు కూడా జారిపోతాయి. ప్రమాదం జరిగాక అడిగే హక్కు నిలిచింది, జరగకముందు తనిఖీ చేసే చెయ్యి వెనక్కి వెళ్లింది. ఇది నాకు నచ్చని మార్పు.

పది మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉండి, జీతం 21,000 దాటకపోతే ఈఎస్‌ఐ. యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం కడతారు. పని గాయానికి ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు, చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా హక్కు ఉంటుంది. తాత్కాలికంగా పని చేయలేని రోజులకు జీతంలో 90 శాతం, శాశ్వత వైకల్యానికి నెల నెలా డబ్బు. ఈఎస్‌ఐ కింద ఉన్నవాళ్లు మళ్లీ నష్టపరిహార చట్టం కింద అడగలేరు. యజమాని చందా ఎగ్గొట్టినా ఈఎస్‌ఐ సంస్థ కార్మికుడికి చెల్లించి యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. కొత్త కోడ్ ప్రకారం, ప్రమాదకరమైనదని ప్రభుత్వం ప్రకటించిన పనిలో ఒక్క మనిషి ఉన్నా ఈఎస్‌ఐని వర్తింపజేయవచ్చు. యాసిడ్‌తో చెక్కే చిన్న షాపులను ఆ ప్రకటనలో చేర్చాలన్నది సంఘాలు ఎత్తుకోదగ్గ డిమాండ్.

మన దేశంలో కార్మికుల ఆరోగ్య బీమాకు రూపం ఇచ్చిన అదార్కర్ నివేదిక 1944లో వచ్చింది. అప్పుడు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూస్తున్నది అంబేడ్కర్. 1948 ఈఎస్‌ఐ చట్టానికి పునాది అదే. సొంతంగా భారత్ భూషణ్ ప్రింటింగ్ ప్రెస్ నడిపించిన మనిషి ఆయన. ప్రెస్సు పని ఏమిటో ఆయనకు ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు.

డబ్బు లెక్క, దాన్ని సగం చేసే పద్ధతి

లెక్క ఒక ఉదాహరణతో చూద్దాం. 30 ఏళ్ల ఎచర్, నెలకు 15,000 జీతం, యాసిడ్ పడి ఒక కంటి చూపు పోయింది. పూర్తి శాశ్వత వైకల్యానికి జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి ఇచ్చిన అంకెతో గుణిస్తారు. 30 ఏళ్లకు ఆ అంకె 207.98. అంటే 9,000 ఇంటూ 207.98, మొత్తం 18,71,820. రెండో కన్ను బాగుండి, గుడ్డు చెడకుండా ఒక కంటి చూపు మాత్రమే పోతే షెడ్యూలులో 30 శాతం. చేతికి రావలసింది 5,61,546 రూపాయలు. బొటనవేలు పోయినా అదే 30 శాతం. మరణిస్తే 60కి బదులు 50 శాతంతో లెక్క కడతారు. జీతం ఎంత ఉన్నా 15,000 వరకే చూడాలన్నది 2020 జనవరి 3 నుంచి అమలైన పరిమితి.

ఇప్పుడు యజమాని వచ్చి ‘వాడికి ఇచ్చేది 7,000’ అన్నాడనుకోండి. జీతం స్లిప్పు లేదు, చేతికి డబ్బు ఇచ్చారు. అదే కంటికి 2,62,055 రూపాయలు వస్తాయి. కన్ను మారలేదు, వయసు మారలేదు, ఒక కాగితం లేకపోవడం మూడు లక్షలు తీసేసింది. అందుకే ఫోన్‌పే, గూగుల్‌పేలో వచ్చిన జీతం ఎంట్రీలు, ‘రేపు తొందరగా రా’ అన్న వాట్సాప్ మెసేజీలు, షాపులో తీసుకున్న ఫొటోలు చెరిపేయవద్దని ప్రతి హెల్పర్‌కూ చెప్పాలి. ఏదీ లేకపోతే ఆ పనికి ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనాన్ని ముందు పెట్టి వాదించాలి.

క్రోమియం ఎలర్జీ పట్టుకున్న చేతుల సంగతి షెడ్యూలులో శాతంగా రాసి లేదు. డాక్టరు చూస్తే పది వేళ్లూ ఉన్నాయి, పిడికిలి బిగుసుకుంటోంది. కానీ ఆ మనిషి మళ్లీ ట్రే దగ్గరికి వెళ్లలేడు, సిమెంటు ముట్టుకోలేడు. షెడ్యూలులో లేని గాయానికి చట్టం చూడమన్నది సంపాదించే శక్తి ఎంత తగ్గిందని. ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ వర్సెస్ శ్రీనివాస్ సబత కేసులో 1976లో సుప్రీంకోర్టు ముందుకు ఒక వడ్రంగి వచ్చాడు. ఎడమ చేయి మోచేతి పైవరకు పోయింది. ఒక్క చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అతని నష్టం నూటికి నూరు శాతమేనని కోర్టు ఒప్పుకుంది. పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ పడుతుందని కూడా చెప్పింది. చర్మవ్యాధి కేసుల్లో ఈ తీర్పును పట్టుకోవాలి. డాక్టరు సర్టిఫికెట్‌లో ‘చర్మవ్యాధి’ అని మాత్రం రాయించుకుంటే చాలదు, ‘క్రోమియం తగిలే పని ఇక చేయకూడదు’ అనే వాక్యం కావాలి.

క్రోమియం వల్ల వచ్చే జబ్బులు, కెమికల్స్ వల్ల వచ్చే చర్మవ్యాధులు వృత్తి వ్యాధుల జాబితాలో ఉన్నాయి. ఒకే యజమాని దగ్గర ఆరు నెలలు తగ్గకుండా ఆ పని చేసి ఉంటే, కాదని నిరూపించే భారం యజమాని మీద పడుతుంది. ఆరు నెలలకోసారి షాపు మార్చేవాళ్లకు, మార్పించబడేవాళ్లకు ఇక్కడే దెబ్బ.

కాజువాలిటీలో రాసే మొదటి వాక్యం

కేసు గెలుపోటములు తరచుగా ఆసుపత్రి చీటీ మీద ‘ఎలా జరిగింది’ అన్న చోట రాసిన వాక్యంతో తేలిపోతాయి. గాయపడ్డ మనిషి మూలుగుతుంటే, పక్కనున్న యజమానో మేస్త్రీయో ‘ఇంట్లో బాత్‌రూమ్ యాసిడ్ పడింది సార్’ అంటారు. రెండేళ్ల తర్వాత అదే కాగితం విచారణలో బయటికి వస్తుంది. తోడు వెళ్లేవాళ్లు షాపు పేరు, కెమికల్ పేరు, జరిగిన టైము చెప్పి రాయించాలి, మెడికో లీగల్ కేసుగా నమోదు చేయమని అడగాలి. పొగ పీల్చిన మనిషి బాగానే ఉన్నా అదే రోజు ఆసుపత్రిలో చూపించి ‘నైట్రిక్ యాసిడ్ పొగ’ అని ఎక్కించాలి. అది ప్రాణానికీ అవసరం, కేసుకూ అవసరం. ఇంట్లో చనిపోతే పోస్టుమార్టం వద్దని బంధువులు అంటారు. ఆ మాటకు ఒప్పుకుంటే మరణానికి, ట్రేకి మధ్య ఉన్న దారం తెగిపోతుంది.

తర్వాత పెద్దమనుషుల పంచాయితీ. స్టాంపు పేపరు మీద 50,000 ఇచ్చి, ఇక ఏ హక్కూ లేదని వేలిముద్ర వేయించుకుంటారు. హక్కు వదులుకునే అలాంటి ఒప్పందం చెల్లదని 1923 చట్టం 17వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. మరణం కేసులో పరిహారాన్ని కార్మిక శాఖ అధికారి దగ్గరే డిపాజిట్ చేయాలి, నేరుగా చేతిలో పెడితే చట్టం దృష్టిలో చెల్లించినట్టు కాదు. బాకీ పడ్డ నెలలోగా ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే 50 శాతం వరకు జరిమానా. క్లెయిమ్‌కు పాత చట్టం ఇచ్చిన గడువు రెండేళ్లు. ఎంత ముందు వేస్తే అంత మంచిది, ఎందుకంటే తోటి పనివాళ్లు అప్పటికి వేరే షాపుకు వెళ్లిపోతారు.

షాపు మనవాళ్లదే అయితే

2021లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన దళిత బంధు లాంటి పథకాలతో, బ్యాంకు అప్పులతో చిన్న చిన్న యూనిట్లు పెట్టుకున్నవాళ్లు మనలో ఉన్నారు. యజమాని కులం చూసి చట్టం బాధ్యత తగ్గించదు, తగ్గించకూడదు కూడా. పది లక్షల పెట్టుబడి ఉన్న షాపులో ఐదు లక్షల పరిహారం పడితే షాపు మూతపడుతుంది, గాయపడ్డ మనిషికీ ఏమీ అందదు. ఇందుకోసమే ఉద్యోగుల నష్టపరిహార బీమా పాలసీ. 1923 చట్టం దాన్ని తప్పనిసరి చేయలేదు కాబట్టి చాలామంది తీసుకోరు.

తీసుకునేటప్పుడు పాలసీలోని చిన్న అక్షరాలు చదవాలి. వృత్తి వ్యాధులు కవర్ అవుతాయా, లేక విడిగా ప్రీమియం కట్టాలా? ఆసుపత్రి ఖర్చు ఎంతవరకు? పాలసీలో ఎంతమందిని, ఏ పనిలో, ఎంత జీతంతో చూపించారు? ‘ఆఫీసు బాయ్’ అని రాసి ఎచింగ్ చేయించిన మనిషి విషయంలో కంపెనీ గొడవ పెడుతుంది. వడ్డీని మినహాయించే షరతు పాలసీలో ఉంటే దాన్ని బీమా కంపెనీ కట్టనక్కర్లేదని 2006లో హర్షద్‌భాయ్ అమృత్‌భాయ్ మోదియా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఆలస్యం చేసిన యజమాని ఆ మొత్తాన్ని జేబులోంచి కట్టాలి. పాలసీ ఉన్న యజమాని దివాలా తీస్తే, బీమా కంపెనీ మీద అతనికున్న హక్కు కార్మికుడికి బదిలీ అవుతుంది.

కేసు వేయడానికి లాయరు ఫీజు లేదని ఆగిపోయేవాళ్లకు ఒక మాట. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు కుల ధ్రువీకరణ పత్రం, ఆసుపత్రి చీటీ, జీతం ఆధారాలు పట్టుకుని వెళ్లాలి. క్లెయిమ్ వినేది మన రెండు రాష్ట్రాల్లోనూ కార్మిక శాఖ అధికారులే. పాత చట్టం కింద వచ్చిన తీర్పు మీద యజమాని హైకోర్టుకు వెళ్లాలంటే, ముందు ఆ పరిహారం మొత్తం డిపాజిట్ చేసిన సర్టిఫికెట్ అప్పీలుకు జతచేయాలి.